శోణగిరి ఊసరవెల్లి తీర్పు

పూర్వం శోణగిరి రాజ్యంలో మనుషుల ప్రాణాలు ఒక ఊసరవెల్లి ఒంటి రంగు మీద ఆధారపడి ఉండేవి. నేరం పడినవాణ్ణి తెల్లవారుజామున కోటలోని బావి దగ్గర చన్నీళ్లతో శుద్ధిస్నానం చేయించి, వణికే అరచేతిలో దాన్ని పెట్టేవారు. పచ్చగా ఉంటే నిర్దోషి. నల్లబడితే మొసళ్ల అగడ్తలోకి తోసేవారు. తీర్పు వేళ అది పచ్చగా ఉండటం ఎవరూ చూడలేదు. అయినా జనానికి అనుమానం రాలేదు సరికదా, "మన రాజ్యంలో ఎంతమంది దొంగలో!" అని ముక్కున వేలేసుకునేవారు.

ఒకసారి తేనెపట్లు కొట్టే గౌరయ్య మీద రాణి హారం దొంగిలించాడన్న నేరం పడింది. అతని కూతురు పైడి ఏడుస్తూ కూర్చోలేదు. ఊసరవెల్లిని రాజవంశానికి ఇచ్చిన రాక్షసి కారడవిలో ఉందని విని, దాని మీది మంత్రం విప్పించడానికి బయలుదేరింది.

అడవి మొదట్లో ఒక ముని కనిపించాడు.

"స్వామీ, మా నాయన్ని చంపేస్తారు. రాక్షసి గుహకు దారి చెప్పండి."

"తపస్సు చెడగొట్టకు. మీ నాన్న పోతే ఇంకో జన్మ ఎత్తుతాడు" అన్నాడు ముని కళ్లు తెరవకుండానే. అలాంటి మునులూ ఉంటారు మరి!

వాగు దగ్గర కొండచిలువ అడ్డం పడింది. "నా గుడ్ల కింద పరవడానికి నీ జడ కావాలి. ఇస్తే గుహ చూపిస్తాను" అంది. పైడి జడ కోసి ఇచ్చింది.

గుహలో రాక్షసి పెదవులు నాక్కుంది. "రహస్యం చెబుతాను. నీ చిటికెన వేలు తిననిస్తావా?"

"తిను. తొందరగా తిను. మా నాయనకు వేళ మించిపోతోంది."

రాక్షసి వేలు నమిలి పకపకా నవ్వింది. "మంత్రమూ లేదు, మట్టీ లేదు! చలేస్తే అది నల్లబడుతుంది, ఎండ తగిలితే పచ్చబడుతుంది. ఈ స్నానం మీవాళ్లు పెట్టుకున్న ఆచారమే పిల్లా. మీ చావులు చూసి నవ్వీ నవ్వీ నా కడుపు నొప్పెడుతోంది."

పైడి చేతికి గుడ్డ చుట్టుకుని పరిగెత్తింది. కోట చేరేసరికి గౌరయ్య తడిబట్టలతో వణుకుతున్నాడు. అరచేతిలో ఊసరవెల్లి బొగ్గులా ఉంది. "అది చలికి నల్లబడిందయ్యా!" అని ఆమె అరిస్తే భటులు నవ్వారు.

పైడి రాజు వైపు చెయ్యి చాపింది. "అయితే హారం తీసింది రాజుగారే! నేరం మోపుతున్నాను!"

రాజు దుర్జయవర్మ క్రూరుడే కాని, ఊసరవెల్లిని మనసారా నమ్మినవాడు. "నాకేం భయం?" అని అక్కడికక్కడే స్నానం చేసి చెయ్యి చాపాడు. అతని అరచేతిలోనూ ఊసరవెల్లి నల్లగానే ఉంది.

"నేను నిర్దోషిని!" అని రాజు కేకలు పెట్టాడు. అగడ్తలో పడ్డవాళ్లంతా ఆ మాటే అన్నారు. భటులు ఆచారం ప్రకారం అతన్నీ తోసేశారు. పైడికి జాలి కలగలేదు, అబద్ధం చెప్పడమెందుకు?

తరువాత భటులు గౌరయ్య రెక్క పట్టుకున్నారు. అప్పుడే కోటగోడ మీదుగా ఎండ పడింది. "ఒక్క క్షణం ఆగన్నా!" అంటూ పైడి ఊసరవెల్లిని మళ్లీ తండ్రి చేతిలో పెట్టి, ఆ చేతిని ఎండలోకి లాగింది. అందరూ చూస్తుండగా అది మెల్లగా లేతాకు రంగుకు తిరిగింది. గౌరయ్య కూతుర్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

జనంలో ఒక్కరూ జేజేలు కొట్టలేదు. ఒక ముసలమ్మ అగడ్త గట్టున కూలబడి, "మరి నా కొడుకో?" అంది.

రాజుకు వారసులు లేకపోవడంతో మంత్రులు అందరి కళ్లూ తెరిపించిన పైడినే సింహాసనం ఎక్కమన్నారు. "ముందు మొసళ్లను ఏటికి తోలి అగడ్త ఎండగట్టండి. ఎముకలు మీ చేతులతోనే ఏరండి" అని ఆమె ఆజ్ఞాపించింది. మంత్రులు మోకాలి లోతు బురదలో దిగి ఏరారు. పట్టాభిషేకం ఆ తరువాతే జరిగింది. పైడి చాలాకాలం చల్లగా పాలించింది, గౌరయ్య ముసలివాడయ్యే దాకా బతికాడు. కాని ఏ ఎముక ఎవరిదో చెప్పగల మంత్రం ఏ అడవిలోనూ దొరకలేదు. అందుకని ప్రతి తల్లీ అన్ని ఎముకలకూ ఏడ్చింది.