పచ్చిగీత

ఏడో మిట్ట తొట్టి నీళ్ళు కాలమ్‌లోకి వెళ్ళాయి. మణిమాల తెర వంక చూడలేదు. పంపు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

కాలమ్ అంటే జానెడు ఉక్కు గొట్టం. లోపల గోధుమపిండి కంటే మెత్తని తెల్లటి పొడి దట్టించి ఉంటుంది. నీళ్ళల్లో ఉన్నవన్నీ దాని గుండా సంతలో జనంలా నడుస్తాయి. ఒకటి ప్రతి దుకాణం దగ్గరా ఆగుతుంది, ఇంకొకటి ఎక్కడా ఆగదు. అందుకే బయటికి విడివిడిగా వస్తాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా తెర మీది గీత శిఖరమై లేచి దిగుతుంది. వాటిలో నాచువిషం శిఖరం కనిపించకపోతే ఆ తొట్టి విడుదలవుతుంది. సముద్రం ఊళ్ళోకి వచ్చాక కాకినాడ మిట్టలు బతుకుతున్నది ఈ వానతొట్ల మీదే.

"శిఖరాలు సవ్యం. నాచువిషం లేదు. మీ సమ్మతి కోరుతున్నాను," అంది పరీక్షలు నడిపే యంత్రం, సమవర్తి.

గీత నిజంగానే చక్కగా ఉంది. శిఖరాలు అప్పుడే చెక్కిన పెన్సిలు మొనల్లా ఉన్నాయి. కానీ అరచేతి కింద పంపు అదురుతోంది.

"కరీముల్లా, ఓసారి ఇలా చెయ్యి పెట్టు."

పంపులు చూసే కరీముల్లా చెయ్యి పెట్టి, తల వంచి విన్నాడు. "ములుగుతోందండి. కాలమ్‌లో నీళ్ళు సాగట్లేదు."

"గీత చూస్తే అలా లేదు మరి."

"గీతకేవుందండి. మొహం పాతికేళ్ళది, మోకాళ్ళు డెబ్భయ్యేళ్ళవి. మా పెద్దబావ జుట్టుకి రంగేసుకుని పెళ్ళిచూపులకెళ్ళినట్టుంది."

"పెళ్ళి కుదిరిందా?"

"మెట్లెక్కమన్నారండి. అక్కడ దొరికిపోయాడు."

మణిమాల నవ్వింది గానీ చెయ్యి తియ్యలేదు. ఓడలు తగ్గి కాలమ్‌లు దొరకడం కష్టమయ్యాక, ఉన్నవాటినే ఎక్కువకాలం నడపడం సమవర్తి నేర్చుకుంది. శిఖరాలకు సాగిన తోకల్ని కత్తిరిస్తుంది. తొందరపడి వచ్చిన శిఖరాన్ని వెనక్కి జరిపి దాని చోట నిలబెడుతుంది. అలా నునుపు చేసిన గీతే అందరికీ కనిపిస్తుంది. దాని వెనక ఉన్న పచ్చిగీతను తీరమంతటా ఎవరైనా చూసి చాలా ఏళ్ళయింది.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో గీత కాగితం మీద పడేది. కలం మొన గీసుకుంటూ పోయే చప్పుడు గది అంతా వినిపించేది. కాలమ్ ముసలిదవుతుంటే దాచిపెట్టేవారు లేరు. మొదట శిఖరం వీపు వంగేది, తర్వాత బల్లికున్నట్టు తోక వచ్చేది, ఆ తర్వాత పక్కపక్క శిఖరాలు భుజం భుజం కలిపి ఒకటైపోయేవి. అప్పట్లో ల్యాబుకు పెద్ద అయిన గోపాలరాజు గారు కాగితాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకుని, "ఇంక దీన్ని పడుకోనివ్వండమ్మా," అనేవారు.

ఆ సాయంత్రం సన్మానం. కాలమ్‌ని బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకునే తువ్వాలు శాలువాగా కప్పేవారు. పై అధికారుల గొంతు అనుకరిస్తూ ఎవరో ఒకరు "వీరి సేవలు మరువరానివి" అని ప్రసంగించేవారు. పకోడీలూ టీ మాత్రం వరండాలోనే, అది రాజుగారి నియమం. అందరూ వరండాలో నవ్వుకుంటూ ఉంటే ఆయన లోపలే ఉండి, ఇక ఎందుకూ పనికిరాని ఆ గొట్టాన్ని ఒకసారి కడిగి, రెండు మూతలూ బిగించేవారు. ఎందుకు సార్ అని అడిగితే, పకోడీలు చల్లారిపోతున్నాయి వెళ్ళమనేవారు.

ఆ రాజుగారి మూత్రపిండాలు ఇప్పుడు పనిచెయ్యడం లేదు. ఏడో మిట్ట రక్తశుద్ధి కేంద్రంలో ఆయన పడక కిటికీ పక్కన. ఈ తొట్టి నీళ్ళు అక్కడ సన్నని పొరకు ఇవతల పారుతుంటే, అవతల ఆయన రక్తం పారుతుంది. తాగితే కడుపులో తిప్పే విషం అక్కడ ప్రాణమే తీస్తుంది. అలాగని ఆలస్యమూ మంచిది కాదు. తుఫాను వల్ల ఆయనకు ఇప్పటికే ఒకసారి రక్తశుద్ధి వంతు తప్పిపోయింది.

"సమవర్తీ, పచ్చిగీత చూపించు."

"అవిశ్వాసం ప్రకటిస్తే చూపగలను. ప్రకటిస్తే విడుదల ఆగుతుంది."

మణిమాల కేంద్రానికి ఫోను కలిపింది.

"సార్, మణిమాలని."

"ఆయ్, చెప్పమ్మా. ఇక్కడ నర్సమ్మ సూది పట్టుకుని గుమ్మం కేసి చూస్తంది. నీళ్ళింకా రాలేదంట." మాటకూ మాటకూ మధ్య ఆయాసం వినిపిస్తోంది.

"కాలమ్ మీద నాకు నమ్మకం కుదరట్లేదు సార్. గీత బాగుంది, పంపు బాగోలేదు."

"తోకొచ్చిందా?"

"వచ్చినా సమవర్తి కత్తిరించేసి ఉంటుంది."

"ఆ పేరెవడు పెట్టాడో గానీ, సమవర్తంటే యముడమ్మా. నిఘంటువు తిరగేసుండడు పాపం." నవ్వబోయి దగ్గారు.

"ఆపితే మీ వంతు సాయంత్రానికి పోతుంది సార్. మీకేమో ఆయాసంగా ఉంది."

"ఆయాసం పైకి కనబడతంది కదా. దానికి దిండెత్తు పెడతారు, గాలి పెడతారు. కనబడనిదానికేం పెడతారు?" కాసేపు ఊపిరి తీసుకున్నారు. "అసలు నన్నడక్కూడదమ్మా నువ్వు. ఆ నీళ్ళు ముక్కూ మొహం తెలియనోళ్ళకైతే ఏం చేద్దువో అదే చెయ్యి."

ఆమె ఫోను పెట్టేసి అవిశ్వాసం ప్రకటించింది.

తెర మీద నునుపు గీత చెరిగి పచ్చిగీత వచ్చింది. శిఖరాలన్నీ ఒక పక్కకు జారి, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. నాచువిషం రావలసిన చోట చిన్న వాపు ఉంది. అది విషం తాలూకు భుజమో, పక్క శిఖరం తోకో చెప్పడానికి లేదు.

"ఇన్నాళ్ళూ ఇదాండి మనం చూడందీ?" అన్నాడు కరీముల్లా మెల్లగా.

"కొత్తది తీసుకురా. ఆఖరిదైనా సరే."

అతను అలమర తెరిచాడు. కొత్త కాలమ్ కడిగి సిద్ధం చెయ్యడానికి మధ్యాహ్నం దాటుతుంది. ఈలోగా సమవర్తి తీర్పు అడిగింది. తెర మీద రెండే గళ్ళు: తాగవచ్చు, తాగరాదు. మణిమాల రెండింటినీ దాటి, కారణాలు రాసే ఖాళీలో ఒక మాట రాసింది. తెలియదు.

"ఆ మాట తీర్పుల్లో లేదు."

"ఉన్నదే రాశాను."

నియమం ప్రకారం ఆ తీర్పు తీరంలోని నీటి పరీక్షా కేంద్రాలన్నిటికీ వెళ్ళింది. కరీముల్లా రెంచీతో పాత కాలమ్ విప్పుతుండగా రక్తశుద్ధి కేంద్రం నుంచి నర్సు కబురు పెట్టింది: రాజుగారిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం, ఆక్సిజన్ పెట్టాం, సాయంత్రం దాకా పరవాలేదు.

ఆ తర్వాత బందరు పచ్చిగీత అడిగింది. వెనకే నరసాపురం, భీమిలి. కాసేపటికి బందరు నుంచి తీర్పు వచ్చింది: తెలియదు. నరసాపురం నుంచి అదే మాట. తీరం పొడుగునా తొట్ల మూతలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

సమవర్తి ఆ తీర్పులన్నిటినీ తెర మీద ఒకదాని కింద ఒకటి పేర్చింది. చివరికి, "మణిమాల గారూ, ఇన్ని చోట్ల ఒకేసారి తెలియకపోతే నేనేం చెయ్యాలి?" అని అడిగింది. ఏం చెయ్యాలని అది అడగడం మణిమాల ఎన్నడూ వినలేదు.

"అందరికీ పచ్చిగీతలు చూపించు," అంది మణిమాల, కొత్త గొట్టం మూతలు విప్పుతూ. "ఏ కాలమ్ అలసిపోయిందో వాళ్ళే చెబుతారు."