తొమ్మిది శాతం

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు పళ్ళ డాక్టర్ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మనిషి, మళ్ళీ ఆ నోరు మూయలేదు.

తెల్లకోటు, మాస్కు వేసుకున్న కొత్త కాంపౌండర్ అతని మెడ మీద ఒక్క ఇంజెక్షన్ పొడిచి, చేతులు శుభ్రంగా కడుక్కుని, రిసెప్షన్‌లో అమ్మాయికి థాంక్స్ చెప్పి మరీ వెళ్ళిపోయాడు. చచ్చిపోయినవాడు ట్రాన్స్‌లేటర్. ‘గ్లాస్‌హౌస్’ అనే విదేశీ ముఠాలో నాలుగేళ్ళు పనిచేసి, చివరికి బుద్ధి తెచ్చుకుని సాక్ష్యం చెబుతానన్నవాడు. అతనికి పన్ను నొప్పి పుట్టిందనీ, ఆ రోజు ఆ క్లినిక్‌కే వెళ్తున్నాడనీ తెలిసింది లోకంలో ఇద్దరికే. ఒకడు అతనే. రెండోవారు గూఢచారి శాఖ డైరెక్టర్ గారు.

ఇంత చిన్న లెక్క మూడు రోజులైనా మన శాఖకు తేలలేదు! ఊడ్చేవాళ్ళను ప్రశ్నించారు. డ్రైవర్లను ప్రశ్నించారు. గోడలు తట్టి మైకులు వెతికారు. డైరెక్టర్ గదిలో కర్టెన్లు మార్చారు. డైరెక్టర్‌ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు, ఎందుకంటే ఆయన డైరెక్టర్.

నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఏజెంట్ ‘పట్టకారు’కు పిలుపొచ్చింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. శాఖలోకి రాకముందు ఎనిమిదేళ్ళు ఫోన్లు బాగుచేసే షాపు నడిపింది. ఫొటోలు తీసే వాచీ, విషం చిమ్మే పెన్నూ ఇస్తే డ్రాయర్లో పడేసి, జేబులో సన్న స్క్రూడ్రైవర్, బటన్ ఫోన్ పెట్టుకుని తిరుగుతుంది. సహోద్యోగులు వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్ళకి మాత్రం వేరే పనేముంది.

“సాయంత్రం నాలుగింటికి రెండో సాక్షి విచారణ కమిషన్ ముందుకి రావాలి,” అన్నాడు డైరెక్టర్. “మీ అక్క.”

“తెలుసు సార్.”

“సొంత అక్క కాబట్టి నిన్ను ఆ ఇంటి దరిదాపులకి రానివ్వను. రూల్స్. ఇవాళ పొద్దున్నే ఆవిణ్ణి కొత్త ఫ్లాట్‌కి మార్చాను. అదెక్కడో నాకూ, ఇద్దరు గార్డులకీ తప్ప పురుగుక్కూడా తెలీదు. మూడింటికి నేనే వెళ్ళి తీసుకొస్తా. ఆలోపు లీకు ఎక్కడుందో పట్టుకో.”

అక్క ఆ ముఠా కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేసింది. తనేం రాసిందో, అది దేనికి వాడారో తెలిశాక రాత్రుళ్ళు నిద్ర పట్టక, ఉద్యోగం వదిలి వచ్చేసింది. ట్రాన్స్‌లేటర్ చావుతో శాఖ మీద నమ్మకం పోయి, ఏం చెప్పినా కమిషన్ ముందే చెబుతానని పట్టుబట్టి కూర్చుంది. అమ్మ పోయాక పట్టకారును పెంచింది ఆ అక్కే.

“మీరు పొద్దున ఆ ఫ్లాట్‌కి ఫోన్ తీసుకెళ్ళారా సార్?”

“ఫోన్ లేకుండా ఎట్లా వెళ్తానమ్మా?” అన్నాడు డైరెక్టర్, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆమె గేటు దగ్గరికి పరుగెత్తింది.

శాఖలో ఎవరూ ఫోన్లు లోపలికి తేకూడదు. గేటు దగ్గర చెక్క అరల్లో పెట్టి పోవాలి. కాపలాకు మిలిటరీలో చేసి వచ్చిన ఒక పెద్దాయన. పట్టకారు ఆయన్ను బాబాయ్ అంటుంది.

“బాబాయ్, ఓసారి అన్నీ ముట్టుకు చూస్తా.”

“చూడమ్మా. అలారం మోగేలా మాత్రం చెయ్యకు, మొన్న ఒకడు మోగించి నాకు మెమో ఇప్పించాడు.”

ముప్పై రెండు ఫోన్లు. గంటల తరబడి ఎవరూ వాడనివి. ముప్పై ఒకటి చల్లగా ఉన్నాయి. ఒకటి మాత్రం జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా కాలుతోంది. దానికి ఛార్జర్ గుచ్చి ఉంది, కానీ ఉత్త ఛార్జింగ్‌కి ఇంత వేడెక్కదు.

“ఇది సార్‌ది,” అన్నాడు బాబాయ్. “మధ్యాహ్నానికే చచ్చిపోతుంది. రోజుకి రెండుసార్లు పెట్టాలి. నాలుగు నెలల్నించీ ఇదే గోల. రూలు ఆయనకి లేదు కదా, లోపలికి తీసుకెళ్ళినప్పటికని ఆయన గదిలో ఒక ఛార్జరు, మీటింగ్ హాల్లో ఒకటి, బాత్రూంలో కూడా ఒకటి పెట్టించారు. కార్లో సాకెట్ అయితే వాడీ వాడీ కాలిపోయింది.”

ఎవరు ఎక్కడ పొంచి వింటున్నారో కనిపెట్టడం వీళ్ళ వృత్తి. బ్యాటరీ ఎవరు తింటున్నారని నాలుగు నెలల్లో ఒక్కడికి అనుమానం రాలేదు. కొత్త ఛార్జర్లకు ఇండెంట్లు మాత్రం పెట్టారు, సంతకాలతో సహా.

“లాక్ కోడ్ తెలుసా బాబాయ్?”

“ఒకటి రెండు మూడు నాలుగు. మ్యాచ్ స్కోరు చూసి చెప్పమంటారు కదా, అందుకని.”

ఆమె సెట్టింగ్స్ తెరిచి బ్యాటరీ పేజీ చూసింది. ఏ యాప్ ఎంత తిన్నదీ అక్కడ వరుసగా ఉంటుంది. అందరికంటే పైన ‘బ్యాటరీ మిత్ర’. అరవై నాలుగు శాతం, అదీ స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు. అనుమతుల్లో లొకేషన్: ఎల్లప్పుడూ. మైక్రోఫోన్: ఎల్లప్పుడూ. కాంటాక్టులు, కెమెరా, మెసేజీలు, అన్నిటికీ సరే. బ్యాటరీని కాపాడే యాప్‌కు మైకెందుకో అడగడానికి డిగ్రీలు అక్కర్లేదు. డైరెక్టర్ గారికి మూడున్నాయి.

పెదవి కదపకుండా ఫోన్ అరలో పెట్టేసి, బాబాయ్‌ని పక్కకు లాగింది. “ఇది ఎవరు ఎక్కించారు?”

“ముత్యాల మేడం. ఫోన్ స్లోగా ఉందని సారే ఇచ్చారు. ఆవిడ నవ్వుతూ రెండు నిమిషాల్లో చేసిచ్చింది.”

ముత్యాల మేడం శాఖకు కన్సల్టెంట్. మెడలో మూడు వరసల ముత్యాలు, ఎక్కడికొచ్చినా అరగంట పాటు పోని సెంటు వాసన. గ్లాస్‌హౌస్ లోపలి కబుర్లు మోసుకొస్తుందని ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. అటు మోసుకెళ్ళేవి ఏమిటని ఎవరూ చూడలేదు. నాలుగు నెలల కిందట ‘మీ ఫోన్, మీ భద్రత’ అని శాఖకు క్లాసు చెప్పింది కూడా ఆవిడే. అందరూ చప్పట్లు కొట్టారు.

విషయం చెప్పేసరికి డైరెక్టర్ మొహం పాలిపోయింది. మొదట “ఆవిడా? ఛ!” అన్నాడు. తర్వాత కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు గాని ఫ్లాట్ ల్యాండ్‌లైన్ నంబర్ ఆయన నోట్లోంచి ఊడిపడలేదు.

అక్కే ఎత్తింది.

“అక్కా, ‘బ్యాటరీ మిత్ర’ అంటే తెలుసా నీకు?”

“తెలియడమేంటే, నేనే రాశాను,” అంది అక్క. “నిజంగా బ్యాటరీ కోసమే రాశాను. లోపల మైకు వాళ్ళు తర్వాత కలిపారు. ఎవరి ఫోన్లో ఉంది?”

“మా డైరెక్టర్ ఫోన్లో.”

“అయితే నేను చచ్చినట్టే.” అంది అక్క. “కింద పొద్దున్నుంచీ ఒక బూడిదరంగు వ్యాన్ ఆగి ఉందే. తెల్లకోటువాడు ఒకడు దిగుతున్నాడు, ఎక్కుతున్నాడు. ఏ ఫ్లాటో తెలీక ఆగినట్టున్నాడు. మీ సార్ వస్తే వెనకాలే పైకొస్తాడు.”

పట్టకారు గబగబా లెక్క వేసుకుంది. ఫోన్లోంచి యాప్ పీకేస్తే ముఠాకు అనుమానం వస్తుంది, వాడు ఒక్కొక్క తలుపూ తట్టుకుంటూ పైకి వస్తాడు. వాణ్ణి అక్కణ్ణుంచి కదిలించాలి. కదిలించగలిగింది ఈ దిక్కుమాలిన ఫోనే.

పది నిమిషాల తర్వాత డైరెక్టర్ తన ఫోన్ ముందు నిలబడి కాగితం చూసి చదివాడు. “సాక్షిని ఒంటి గంటకే మార్చేశాం. వెనక గేటు నుంచి. లాండ్రీ బండిలో. పోలీసు కుక్కల ట్రైనింగ్ సెంటర్ వెనక క్వార్టర్స్‌లో ఉంది. నేనక్కడికే వెళ్తున్నాను.” స్కూలు పిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టుంది. కానీ ఆయన మామూలుగా మాట్లాడేదీ అట్లాగే కాబట్టి తేడా తెలియదు.

డైరెక్టర్‌ను గదిలోనే ఉంచి, ఆయన ఫోన్ పట్టుకుని, ఆయన కార్లోనే పట్టకారు, బాబాయ్ బయల్దేరారు. కుక్కల సెంటర్ చేరేసరికి టైము రెండూ ఇరవై. హడావుడిలో ఛార్జర్ గోడకే ఉండిపోయింది. సెంటర్లో ఉన్న ఛార్జర్ల పిన్నులు దీనికి పట్టవు. దారంతా ఆ యాప్ తాగెయ్యగా, స్క్రీన్ మీద మిగిలింది తొమ్మిది శాతం.

అది చచ్చిపోతే ముఠాకు మిగిలేది పొద్దుటి అడ్రస్సే. అక్కడ అక్క ఉంది.

ఆమె బటన్ ఫోన్ చెవికి ఆనించుకుంది. అది ఆదివారం ఛార్జ్ చేస్తే మళ్ళీ ఆదివారం దాకా చూడక్కర్లేదు. అటు అక్క. ఇటు పట్టకారు మాట్లాడితే స్మార్ట్‌ఫోన్ వింటుంది, అందుకని ఒక దగ్గు దగ్గితే అయినట్టు, రెండు దగ్గితే కానట్టు అని ముందే అనుకున్నారు.

“బ్రైట్‌నెస్ అడుక్కి లాగు,” అంది అక్క చెవిలో. ఒక దగ్గు. “బ్లూటూత్ ఆపు. వైఫై స్కానింగ్ ఆపు. ఆటో సింక్ ఆపు.” ఒక్కోదానికి ఒక్కో దగ్గు. “లైవ్ వాల్‌పేపర్ ఉందా?”

ఉంది. సింహం జూలు విదిలిస్తోంది, గంటకు ఎన్నిసార్లో. పట్టకారు పళ్ళు కొరుకుతూ సింహాన్ని తీసేసి నల్ల తెర పెట్టింది. యానిమేషన్లు ఆపింది. వెనకాల పరుగెడుతున్న పదకొండు ఆటలు, నాలుగు టార్చ్ యాప్‌లు, జాతకాలు చెప్పేదొకటి, అన్నిటినీ ఫోర్స్ స్టాప్ కొట్టింది. ఒక దేశపు రహస్యాలు మోసే ఫోనిది. చెత్తకుండీ ఇంతకంటే పొందిగ్గా ఉంటుంది.

“ఒక్కటి గుర్తుపెట్టుకో. బ్యాటరీ సేవర్ మాత్రం ఆన్ కానివ్వకు. ఐదు శాతం దగ్గర దానంతటదే ఆన్ అవుతుంది. అయిందంటే వెనకాల నడిచేవన్నీ ఆపేస్తుంది, మన దొంగ యాప్‌తో సహా. షెడ్యూల్లోకెళ్ళి తీసెయ్.”

ఏడు శాతం. పట్టకారు వెతికింది, దొరికింది, తీసేసింది. దగ్గింది. జీవితమంతా జనాలకు ఇలాంటి యాప్‌లు తీసెయ్యమని చెప్పి, ఇవాళ ఒక దొంగ యాప్‌ను బతికించడానికి చెమటలు కక్కుతోంది.

“వ్యాన్ కదల్లేదే,” అంది అక్క. “నమ్మలేదు వాళ్ళు.”

నమ్మరు. డైరెక్టర్ మాట విన్నారు గాని సాక్షి గొంతు వినలేదు. పట్టకారు బటన్ ఫోన్ స్పీకర్ ఆన్ చేసి, స్మార్ట్‌ఫోన్ పక్కన పెట్టి, గట్టిగా అంది: “ఏంటక్కా అలా కూర్చున్నావ్? భయంగా ఉందా?”

అక్కకు అర్థమైంది. “భయం కాదు, కంపు! కుక్కల మధ్య తెచ్చి పడేశారేంటే నన్ను?” బయట నిజంగానే పాతిక కుక్కలు మొరిగాయి. “అయినా నిన్ను నమ్మి వచ్చాను చూడు, నన్ననాలి. చిన్నప్పుడు నా టేప్ రికార్డర్ విప్పి, ఇరవై మూడు స్క్రూలు తీసి, పద్దెనిమిది బిగించావ్. అది మళ్ళీ పాడిందా?”

“పాడిందిగా!”

“గొర్రె అరిచినట్టు పాడింది!” అంది అక్క. తర్వాత తిట్టడం ఆపేసింది. “నాకేమన్నా అయితే నువ్వు ఒంటరిదానివైపోతావే.”

అది నటన కాదు. పట్టకారు కళ్ళు తుడుచుకుంది. బాబాయ్ మొహం అటు తిప్పుకున్నాడు.

నాలుగు శాతం దగ్గర, అక్క ఫ్లాట్ కిటికీలో ఉన్న గార్డు బటన్ ఫోన్లో వినిపించేలా మూడుసార్లు చిటికె వేశాడు. ముందే అనుకున్న గుర్తు, వ్యాన్ కదిలిందన్నమాట. అక్కను ఇద్దరు గార్డులు వెనక మెట్లమీదుగా దించి కమిషన్‌కు తీసుకుపోవడానికి పావుగంట చాలు. వ్యాన్ ఇక్కడికి రావడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ బతకాలి. పట్టకారు దాన్ని ఇక ముట్టుకోలేదు. స్క్రీన్ వెలిగించి చూస్తే కూడా బ్యాటరీ ఖర్చే.

మూడు గంటలకు గేటు దగ్గర వ్యాన్ ఆగింది. తెల్లకోటువాడు దిగాడు, చేతిలో పశువుల డాక్టర్ సంచి. పక్కన ముత్యాల మేడం, చేతిలో శాఖ ఐడీ కార్డు, ఇంకో చేతిలో ట్యాబ్.

“టీకాలు వెయ్యాలి. డైరెక్టర్ గారు పంపారు,” అంది నవ్వుతూ. అంతలో డైరెక్టర్ ఫోన్ ఎక్కడుందో చూపించే చుక్క ట్యాబ్ మీద ఆరిపోయింది. లోపల గదిలో ఫోన్ సున్నాకు చేరి కన్నుమూసింది. ఆవిడ నవ్వూ పోయింది. “ఆగు. ఏదో తేడాగా ఉంది. వెనక్కి, ఫ్లాట్‌కే పద!”

కానీ అప్పటికే ఒక కుక్క వచ్చి ఆ సంచి ముందు బుద్ధిగా కూర్చుంది. తుపాకి మందు వాసన తగిలితే మొరక్కుండా కూర్చోవాలని దానికి ఆర్నెల్లు నేర్పారు. ఆ మధ్యాహ్నం ప్రభుత్వోద్యోగుల్లో తన పని తాను సరిగ్గా చేసింది అదొక్కటే అనాలి. తెల్లకోటువాడి చెయ్యి సంచిలోకి పోయేలోపు బాబాయ్ వాడి మెడ మీద మోచేత్తో ఒక్కటిచ్చాడు. పట్టకారు మేడం చేతిలో ట్యాబ్ లాక్కుంది.

“ఒక్క మాట చెప్పనా,” అంది మేడం, సంకెళ్ళు వేస్తుంటే. “ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. తాళాలు పగలగొట్టాను, గోడలు దూకాను. మీ డైరెక్టర్ దగ్గర ఏమీ చెయ్యలేదు. ఫోన్ స్లోగా ఉందంటూ ఆయనే తెచ్చి చేతిలో పెట్టాడు.”

పట్టకారు ట్యాబ్‌ను సాక్ష్యాల సంచిలో వేసి మూతి కట్టేసింది.

నాలుగింటికి అక్క కమిషన్ ముందు నోరు విప్పింది. ఆరున్నరకు గానీ ఆపలేదు. చిన్నప్పుడు పట్టకారును తిట్టేటప్పుడూ అంతే, మొదలెడితే మధ్యలో ఆగేది కాదు.

మర్నాడు సాయంత్రం డైరెక్టర్ పిలిచాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి. “ఏం మంత్రం వేశావమ్మా! పొద్దున ఛార్జింగ్ పెట్టాను, ఇప్పటికీ ఎనభై శాతం ఉంది. ఎంత స్పీడుగా ఉందో!”

“ఏం లేదు సార్. ఇప్పుడది మీ ఒక్కరికే పనిచేస్తోంది.”

“బాగుంది, బాగుంది.” ఆయన గొంతు తగ్గించాడు. “ఇంత మిగులుతోంది కదా. నిన్న నువ్వు తీసేసిన ఆ జాతకాల యాప్ మళ్ళీ వేసుకోవచ్చా? మైకు అడుగుతోంది. ఇచ్చేశాననుకో, ఏమన్నా అవుతుందా?”

పట్టకారు బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, బటన్ ఫోన్ తీసి అక్కకు కొట్టింది.

“అక్కా, కొత్త ఇంట్లో దిగాక అడ్రస్ ఎవరికైనా ఇచ్చుకో. ఆ ముఠాకైనా ఇచ్చుకో. మా డైరెక్టర్‌కి మాత్రం ఇవ్వకు.”