వెచ్చటి గొట్టం

ఆగిరిపల్లి దాటాక తోటల మధ్య కాయ మాగబెట్టే కొట్టు ఒకటి ఉంది. వరిగడ్డి పరిచి, మామిడికాయ పేర్చి, మళ్లీ గడ్డి కప్పుతారు. సీజనంతా ఆ చుట్టుపక్కల తీపి వాసన కమ్ముకుని ఉంటుంది. తొలకరి పడుతున్న ఆ సాయంత్రం మాత్రం ఏ వాసనా లేదు.

చిన్నయ్య గుమ్మంలోనే మండిపడ్డాడు. "సీలేసిన కొట్టు ఎవరు తెరవమన్నారు బాబూ? నెలలు నిండిన నా కోడలే దొరికిందా లోపలికి పంపడానికి?"

తోట కౌలుకు తీసుకున్న కిషోర్ బాబు ఫోనులోంచి తలెత్తలేదు. "ఆ గొట్టం ఆఫీసర్లు పట్టుకుపోయారుగా పెద్దాయనా. ఇంకా భయమేంటి? కాయ తిరగేసి వచ్చేస్తుందిలే."

భయమేంటట.

నిరుడు, ఎగుమతి మామిడికి కిరణాలు పట్టించే ఫ్యాక్టరీ మూసేసి, సామానంతా పాత ఇనుములో పారేశారు. అందులో చిన్నయ్య భార్య కమలకి ఓ గొట్టం దొరికింది. దాని మీద మూడు రెక్కల బొమ్మ. ఫ్యాన్ల కంపెనీది అనుకుంది పిచ్చిది. ఎప్పుడు పట్టుకున్నా వెచ్చగా ఉండేది. కాయ తొందరగా మాగుతుందని గడ్డిలో పెట్టింది. కాయ మాగలేదు. కమల చేతులు నల్లబడ్డాయి. జుట్టు ఊడింది. నెల తిరక్కుండా పోయింది.

ముట్టుకుంటే చస్తారని తెలుగులో రెండు ముక్కలు రాయించలేనివాళ్లు, ఆమె పోయాక తెల్ల తొడుగులు వేసుకుని జీపుల్లో దిగి, గొట్టం పట్టుకుని కొట్టుకి సీలేసి పోయారు. అప్పుడైనా పేటలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏది చూస్తే దూరం పోవాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో... ఏదీ.

చిన్నయ్య లోపలికి నడిచాడు. చీకటి. గడ్డి కదులుతున్న చప్పుడు... ఒకరిది కాదు. ఇద్దరిది.

"అమ్మా పార్వతీ."

ఒక చప్పుడు ఆగింది. రెండోది ఆగలేదు.

"చెయ్యి పెట్టకే అమ్మాయ్..."

గుసగుస. ముప్పై ఏళ్లు కాపురం చేసిన గొంతు.

చీకట్లో చేతికందిన మణికట్టు పట్టుకుని బయటికి లాగాడు. పార్వతే. పొట్ట పట్టుకుని వానలో వణుకుతోంది.

"మామయ్యా... అత్తయ్య మిమ్మల్ని ఒకటి అడగమంది."

"ఏంటమ్మా?"

"రెండోది తీశారా అని."

కిషోర్ బాబు ఫోను జేబులో పెట్టాడు. "రెండోదేంటి?"

"ఎక్కడుందో చెప్పిందా?" చిన్నయ్య ఆమె వైపు వంగాడు.

పార్వతి పేట వైపు చూపించింది.

చిన్నయ్య పరుగెత్తాడు. పేటంతా బురద. చూరుల నుంచి ధారలు. ఇళ్ల మధ్య ఖాళీ జాగాలో చాపంత మేర నేల పొడిగా ఉంది. వెచ్చగా ఉందని పిల్లలంతా అందులోనే ఒదిగి కూర్చున్నారు.

వాళ్ల పైన కప్పు లేదు.