మిరుగం కోసం ఆగిన మడి

పొద్దున్నే రేణుక బిడ్డకు జడ వేస్తుండగా వార్డు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మడి ఇచ్చి పదిహేను రోజులైనా మీరు విత్తనం వేయలేదు, వరుసలో తర్వాతి వాళ్లకు ఇచ్చేశామని చెప్పి పెట్టేశారు.

రేణుక చేతిలోని జడ వదిలేసింది. సిరిసిల్లలో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. డాబా మీద బకెట్లో మెంతికూర వేస్తేనే స్లాబు కురుస్తుందని ఓనరమ్మ గోల చేసింది. బిడ్డకు కడుపునొప్పి వచ్చినప్పుడల్లా, బజారు కూరలకు ఏ మందు కొట్టారోనని రేణుక ప్రాణం కొట్టుకునేది. అందుకే టౌను వాళ్లు కూరగాయలు పండించుకునేందుకు బైపాస్ పక్కన ఇరవై నాలుగు మడులు ఇస్తారంటే, మూడు వందల దరఖాస్తుల్లో తనదీ పెట్టి ఎనిమిది నెలలు తిరిగింది. తీరా దక్కాక, మగడికి సాంచాల మీద బట్ట నేసే పని, తనకు బీడీల పని అని విత్తడం అత్త పోశవ్వకు అప్పగించింది.

"ఇత్తనాలేవి అత్తమ్మా?" అని అడిగింది.

పోశవ్వ కొంగుముడి విప్పింది. బెండ, గోంగూర, చిక్కుడు, అన్నీ అట్లాగే ఉన్నాయి.

"మిరుగం కార్తెకు ఇంక నాలుగొద్దులున్నది గదనే. మిరుగం రాకముందు, వాన పడకముందు ఎవలన్న ఇత్తనం ఏత్తరా?"

"గక్కడ బోరు నీళ్లున్నయి. నీ మిరుగం ఆఫీసోళ్లకు తెలుస్తదా? పదిహేనొద్దులని పదిసార్లు చెప్పలే?"

వీర్నపల్లిలో నలభై ఏళ్లు పొలం పని చేసిన మనిషి ఉంది కదా, ఇక నిశ్చింత అనుకున్నానని, చివరికి నా నోట్లో మట్టి కొట్టావని, ఇంకా ఏమేమో అన్నది రేణుక. బిడ్డ సగం జడతో బిక్కమొహం వేసింది.

పోశవ్వ గింజలు మళ్లీ ముడి వేస్తూ అన్నది.

"నలభయ్యేండ్లు పటేలు ఎయ్యమన్నప్పుడు ఏసిన, కొయ్యమన్నప్పుడు కోసిన. గిదొక్కటన్న మనదని, మంచి పొద్దు సూసి ఏద్దామనుకున్న బిడ్డా."

రేణుక బిడ్డ జడ మళ్లీ చేతిలోకి తీసుకుంది. దరఖాస్తు తన పేరు మీద, విత్తడం అత్త చేతులతో. ఆ మడికీ ఆమెను కూలికే పంపానని రేణుకకు అప్పుడు తోచింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఆఫీసుకు వెళ్లారు. పోయిన మడి రాదు, కొత్తగా పెట్టుకోండి, ముందు రెండు వందల డెబ్బై ఐదు మంది ఉన్నారన్నాడు గుమస్తా. రేణుక కూడబలుక్కుంటూ కాగితం మీద రాసింది: పేరు, పోశవ్వ.

"గీసారి ఇచ్చిన్నాడే ఏద్దం అత్తమ్మా," అన్నది.

"నా పేరు మీద అస్తే, నేనెప్పుడంటే గప్పుడే," అన్నది పోశవ్వ.

రేణుక నెత్తి కొట్టుకుంది. కళ్లు మాత్రం కొంగుతో తుడుచుకుంది.