నాంచారి విసిరిన రాయి

సజ్జలదుర్గం రాకుమారుణ్ణి శిలగా మార్చింది మంచె మీది పిల్ల నాంచారేనట. కోట కాపలావాడు చెన్నక్కకు చెప్పాడట, చెన్నక్క బావి దగ్గర ఈరమ్మకు చెప్పిందట. "ఆ పిల్ల చూపే అంత, నాకు ముందే తెలుసు" అని ఈరమ్మ వాడంతా చెప్పుకొచ్చిందట.

ఇందులో నిజమెంతో నాంచారికే అంతుపట్టలేదు. పదమూడేళ్ల ఆ పిల్ల సజ్జచేలో మంచెనెక్కి వడిసెలతో పిట్టలు తోలేది. ఆ పొద్దున గొర్రెలకాపరిలా ఉన్న ముసలివాడొకడు గట్టున నిలబడి, "పాపా, అదిగో తెల్లపిట్ట. ఊరి పంటకు అదే చేటు, కొట్టు" అన్నాడు. పిట్ట గింజ ముట్టలేదు, ఊరికే కొమ్మ మీద కూర్చుంది. నాంచారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాతే రాయి వెళ్లింది. పిట్ట రాలిన గడియలోనే కోటలో రాకుమారుడు కీర్తిసేనుడు గుర్రం మీదున్నవాడు ఉన్నట్టే శిల అయ్యాడు. అతని ప్రాణం ఆ పిట్టలో ఉందనీ, ముసలివాడు కరాళదంతుడనే మాంత్రికుడనీ కాసేపటికే కోట నుంచి వచ్చిన కబురుతో తెలిసింది.

పిట్ట ఒంట్లో ఇంకా వెచ్చదనం ఉంది. అది చల్లారితే రాకుమారుడు ఎప్పటికీ రాయే. నాంచారి పిట్టను ఒడిలో కట్టుకుని, దాన్ని బతికించే దారి అడగడానికి మాంత్రికుడి గుహకు బయల్దేరింది.

అడవి మధ్య ఏటిలో మొసలి అడ్డొచ్చింది. "చెప్పినోడిదే తప్పు. 'నేను కాదు' అను, వీపు మీద దాటిస్తా" అంది. నాంచారి ఆ మాట అంది. ఏరు దాటింది గానీ ఒడిలో పిట్ట సగం చల్లబడింది.

లోయ దగ్గర రాక్షసి కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఏడుపు మొహమా, అంతా నువ్వే చేసినావు. 'అంతా నేనే' అను, కాళ్లు తీస్తా" అంది. నాంచారి అదీ అంది. దారి దొరికింది, పిట్ట ఇంకా చల్లబడింది. కాదన్నా చల్లబడుతుంది, అవునన్నా చల్లబడుతుంది. ఇక ఏమనాలో తోచకుండానే గుహ చేరింది.

కరాళదంతుడు ఆమెను చూసి నవ్వాడు. "నీ చేతికి నేనేం మంత్రం పెట్టలేదే పిల్లా. ఆ పొద్దున పన్నెండు మంచెల కాడికి పోయినా. అందరికీ అదే మాట చెప్పినా. పదకొండు మంది కొట్టలేదు."

నాంచారి ఒడిలోని పిట్ట మీద చెయ్యి పెట్టి అడిగింది.

"నేనూ కొట్టకపోతే?"

"పదమూడో మంచె కాడికి పోయేటోణ్ణి."

"అట్లయితే ఎవురో ఒకరు కొట్టేదాకా తిరిగేటోడివి. ఆ తప్పు నీది తాతా. ఆగిన చేతిని మళ్లా ఇసిరింది మాత్రం నేనే. నీది ఎంతో, నాది ఎంతో నాకు తెల్దు. నాది లేదని మాత్రం చెప్పను."

ఒడిలో పిట్ట కదిలింది. కళ్లు తెరిచి, రెక్కలు విదిల్చి కోట వైపు ఎగిరిపోయింది. ఆ రెక్కల గాలికి మాంత్రికుడి దండం పుటుక్కున విరిగింది, వాడు వట్టి ముసలివాడై కూలబడ్డాడు. నాంచారి వాడి తలపాగాతోనే వాడి చేతులు కట్టి కోటకు నడిపించుకొచ్చింది.

అప్పటికే కీర్తిసేనుడు గుర్రం దిగి తల్లి దగ్గర అన్నం తింటున్నాడు. ఊరంతా పండగ చేసుకుంది. ఈరమ్మే ముందు నిలబడి హారతి పట్టింది.

రాజు నిండు సభలో నాంచారిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "తల్లీ, నిన్ను వీడు వాడుకున్నాడు. నీ తప్పు ఇసుమంతైనా లేదు. రాజ్యంలో సగం నీది" అంటూ తన కత్తి దూసి ఆమె చేతిలో పెట్టాడు. "వీడి తల నరుకు. ఆజ్ఞ నాది, పాపమూ నాదే."

నాంచారి కత్తిని తిప్పి చూసింది. పిడి రాజు వైపు పెట్టి తిరిగి చాచింది.

"అంత నమ్మకముంటే మీరే నరకండి సామీ."