గడ్డమున్న థియానో

"మీ జియస్ నన్ను చూసి కనుబొమ్మ ఎగరేస్తున్నాడు," అంది థియానో నిచ్చెన మీద నుంచి విగ్రహానికి రంగు దిద్దుతూ.

"దేవుళ్ళకు రాజు. ఎగరేసుకుంటాడు. నీకేం నొప్పి?" అన్నాడు లైకోన్ కింద నుంచి.

"నాకేం లేదు. పొసైడాన్ కూడా ఇలాగే ఎగరేశాడు. మీ దేవుళ్ళందరికీ ఇదేం రోగమా అని అడుగుతున్నా."

గ్రీకుల పారోస్ దీవిలో చలువరాయి చెక్కే కుర్రాళ్ళలో లైకోన్‌ది మంచి చెయ్యి. మంచి నోరని మాత్రం ఎవరూ అనలేదు. ఊరివాళ్ళు కట్టించిన కొత్త గుడికి పన్నెండుగురు దేవతలనూ చెక్కే పని అతనికే ఒప్పజెప్పారు. విగ్రహాలకు రంగులెయ్యడం ముసలి స్మికోన్ వంతు. ఆయనకు నడుం పట్టెయ్యడంతో కూతురు థియానో మైనం రంగుల గిన్నెలు పట్టుకుని వచ్చింది. వచ్చిన పూటే, హెరాకు ఒక చెవి పెద్దదీ ఒక చెవి చిన్నదీ అంది. లైకోన్ దారంతో కొలిచి చూశాడు. నిజమే. ఆ చెవి సరిచెయ్యబోయి మొహమంతా మళ్ళీ చెక్కాడు. అప్పట్నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఒక్కో విగ్రహం చెక్కడం, రంగెయ్యడం, గుడ్డ కప్పి పాకలో పెట్టడం. రెండేళ్ళు ఇలాగే గడిచాయి. ఆ రోజే అన్నిటినీ గుడిలోకి చేర్చి వరసగా నిలబెట్టారు. ఊరిపెద్ద నికెరాతోస్ పదిమందిని వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చాడు. స్మికోన్ కూడా కర్ర ఊతంతో వచ్చాడు.

తక్కినవాటి గుడ్డలు కూడా తీశారు. నికెరాతోస్ హెరాను చూశాడు. ఆరేస్‌ను చూశాడు. పొసైడాన్ దగ్గర ఆగి, తల వెనక్కి తిప్పి, నిచ్చెన మీద ఉన్న పిల్లను చూశాడు. మళ్ళీ పొసైడాన్‌ను చూశాడు.

"స్మికోన్, మీ అమ్మాయికి గడ్డం ఎప్పుడు మొలిచింది?" అన్నాడు.

అందరూ అటూ ఇటూ చూశారు. అదే కొంచెం వంకర ముక్కు, అదే పైకి లేచిన ఎడమ కనుబొమ్మ. అఫ్రోదితె థియానో. హెర్మెస్ థియానో. గడ్డాలూ మీసాలూ పెట్టుకుని జియస్ కూడా థియానోయే. ఎథీనా చేతి మీది గుడ్లగూబ సైతం ఎడమ కనుబొమ్మ ఎగరేసి చూస్తోంది.

థియానో తన ముక్కు తడుముకుంది. రెండేళ్ళూ ఆ మొహాలకు రంగేసింది తనే. ఇంట్లో ఉన్న కంచు అద్దంలో ఎవరు చూసుకున్నా ముల్లంగి దుంపలా కనిపిస్తారు. తన మొహం ఇదని ఆమెకెలా తెలుస్తుంది?

"నా కూతుర్ని సముద్రానికి దేవుణ్ణి చేశావురా?" అని స్మికోన్ కర్ర ఎత్తాడు. నడుం కలుక్కుమనడంతో దించేశాడు.

"నేను కావాలని చెయ్యలేదు. అసలీ అమ్మాయి మొహంకేసి నేనెప్పుడూ చూళ్ళేదు. హెర్మెస్ మీద ఒట్టు," అన్నాడు లైకోన్.

"హెర్మెస్ మొహం చూసి చెప్పు ఆ మాట," అన్నాడు నికెరాతోస్.

లైకోన్ హెర్మెస్‌ను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు పండక్కి పక్క దీవులవాళ్ళొస్తారు. మనం రంగులు కలిపే పిల్లకు మొక్కుతున్నామని నవ్విపోతారు. వీటిని సున్నం బట్టీలో వేయించండి. ఈ అబ్బాయిని పడవెక్కించండి," అన్నాడు నికెరాతోస్.

థియానో చేతిలోని గిన్నె జారి ఆరేస్ పాదాల మీద నీలిరంగు ఒలికింది.

అప్పటిదాకా గడప మీద కూర్చుని అత్తిపళ్ళు తింటున్న గుడి పూజారిణి, ముసలావిడ, నెమ్మదిగా లేచింది.

"జియస్, పొసైడాన్ ఏమవుతారయ్యా?"

"అన్నదమ్ములు."

"హెరా?"

"తోబుట్టువే."

"తక్కినవాళ్ళు వాళ్ళ పిల్లలేగా. ఒకే ఇంటివాళ్ళకు పోలికలుండవూ? మీ అయిదుగురు కొడుకులకూ నీ బట్టతలే వచ్చింది. వాళ్ళనీ బట్టీలో వేయించావా?"

నికెరాతోస్ నెత్తి తడుముకున్నాడు. "మరి ఆ గుడ్లగూబో?"

"పెంచినవాళ్ళ పోలిక."

పదిమందీ గుడ్లగూబను చూసి తలలూపారు. పండక్కి ఒక్క పూటే ఉండటం వల్ల కూడా కావచ్చు, నికెరాతోస్ సరేనన్నాడు.

థియానో నిచ్చెన దిగి, వరస చివర ఉన్న, నిన్ననే చెక్కడం ముగిసి ఇంకా రంగెయ్యని విగ్రహం దగ్గరికి వెళ్ళింది. ఆ ఒక్కడికే ఆమె పోలిక లేదు. పెద్ద చెవులు, సుత్తి, పక్కనున్న అఫ్రోదితెను ఓరగా చూసే చూపు.

"ఇతనెవరు?"

"హెఫైస్టస్, కమ్మరి దేవుడు. అఫ్రోదితె మొగుడు," అన్నాడు లైకోన్.

"చెవులు నీవి."

"నీ పక్కన నిలబడ్డానికి నాకింకో దారి తోచలేదు," అన్నాడతను, నేలను చూస్తూ.

"హెఫైస్టస్, అఫ్రోదితెల కాపురం ఎలా ఏడ్చిందో తెలుసుగా? ఆవిడ ఆరేస్‌తో పోయింది," అంది థియానో.

"ఆ ఆరేస్ కూడా నువ్వేగా. అదే నా ధైర్యం."

స్మికోన్ గొంతు సవరించుకున్నాడు. "దేవుళ్ళలో కుదురుగా కాపురం చేసిన జంట ఒక్కటి చెప్పరా, పిల్లనిస్తాను."

లైకోన్ జియస్‌ను చూసి తల అడ్డంగా ఊపాడు. పొసైడాన్‌ను చూసి పెదవి విరిచాడు. ఊరిపెద్దలు కూడా ఆలోచనలో పడ్డారు.

"హెస్తియా మంచి ఇల్లాలు," అంది పూజారిణి.

"ఆవిడ పెళ్ళే చేసుకోలేదు కదమ్మా," అన్నాడు స్మికోన్.

"అందుకే."

"దేవుళ్ళలో ఎవరూ లేరండీ," అన్నాడు లైకోన్ చివరికి. "మమ్మల్నే చేసి చూడనివ్వండి."

"నాన్నా," అంది థియానో, "ముందు ఇతన్ని నా మొహంకేసి ఒక్కసారి తిన్నగా చూడమను."

లైకోన్ తలెత్తాడు. రెండేళ్ళలో మొదటిసారి ఎదురుగా చూశాడు. రంగు మరకలున్న ఆ మొహం అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. అతను అలా చూస్తూనే ఉన్నాడు.

"ఏంటి?" అంది.

"తప్పు చెక్కాను," అన్నాడు. "అన్నీ తప్పే."

"బట్టీలో వెయ్యమంటావా?" అని అరిచాడు నికెరాతోస్ ఆశగా.

"నోరుముయ్యవయ్యా," అంది పూజారిణి. స్మికోన్ కూతురి చేతిని అతని చేతిలో పెట్టి, చలికాలం పున్నమికి పెళ్ళన్నాడు.