షాంగ్రిలా, 114

నిన్న సాయంత్రం పట్టుబడ్డ గుమాస్తా చెప్పింది రెండే ముక్కలు. "షాంగ్రిలా... 114." ఆ వెంటనే నాలుక కింద దాచుకున్న గుళిక కొరికి, కుర్చీలోనే ప్రాణం వదిలాడు.

పొద్దున ఎనిమిదికి, పటాన్‌చెరులో మూతబడ్డ ఓ ఫ్యాక్టరీ వెనక గదిలో, చీఫ్ నరసరాజు ఏజెంట్ చంద్రకాంత్‌ని కూర్చోమనలేదు.

"వాడు ఆగస్టులో మన ఆఫీసు నుంచి కొట్టేసింది మినీ సీడీ. మూడంగుళాలు. ఎక్కడో పాతిపెట్టాడు. ఇవాళ పన్నెండున్నరకి ఆ ఎంబసీ గూఢచారి విక్టర్ వచ్చి తీసుకుంటాడని నిషిత మెసేజ్ పంపింది. చోటు ఆమెకీ తెలియదు."

"డిస్క్‌లో ఏముంది సార్?"

"విక్టర్ పక్కన ఉన్న మన డబుల్ ఏజెంట్ పేరు."

అంటే నిషితే అని చంద్రకాంత్‌కి అర్థమైంది. నాలుగేళ్ల క్రితం నిషితని విక్టర్ సెక్రటరీగా పంపింది తనే. ఇవాళ ఆమె తన చావు తీసుకోవడానికి తనే కారెక్కి వస్తోంది. ఆమె ఫోన్ ఇప్పుడు వాళ్ల చేతిలో ఉంది, హెచ్చరించే దారి లేదు. విక్టర్ కారు నిన్నే మనవాళ్ల కన్నుగప్పి మాయమైంది.

"అరెస్ట్ చేస్తే?"

"డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. వేలు కూడా పెట్టకు. కారులోనే లాప్‌టాప్ ఉంటుంది. డిస్క్ దొరికిందంటే నిషిత లేదనుకో."

షాంగ్రిలా అంటే మంచుకొండల అవతల ఎక్కడో ఉందని చెప్పుకునే దేశం. అక్కడ ముసలితనమే రాదట. మన హైవే పక్కన మాత్రం బోర్డులు రాసేవాడి దగ్గర కాస్త రంగు మిగిలితే చాలు, ఒక షాంగ్రిలా పుట్టుకొస్తుంది. చంద్రకాంత్ ముందుగా వెళ్లిన షాంగ్రిలా లాడ్జిలో ఉన్నవి పద్దెనిమిది గదులే. అమీన్‌పూర్ షాంగ్రిలా అపార్ట్‌మెంట్లో 114 తలుపు తీసిన నాగేశ్వరమ్మ, "ఎలక్ట్రీషియన్‌వా బాబూ? పొద్దుట్నించీ ఎదురుచూస్తున్నా, రా రా" అంటూ లోపలికి లాగింది. ఫ్యాన్ బాగుచేసే నెపంతో ఇల్లంతా స్కాన్ చేసి బయటపడేసరికి అరగంట ఎగిరిపోయింది. బీరంగూడ షాంగ్రిలా ఫంక్షన్ హాల్లో నంబర్లున్నది కుర్చీల మీదే. నూటపద్నాలుగో కుర్చీలో పెళ్లికూతురి మేనమామ కూర్చున్నాడు, చచ్చినా లేవనన్నాడు.

పన్నెండూ పదిహేనుకి రుద్రారం దాటాక మరో ఆర్చి కనిపించింది. షాంగ్రిలా ఎన్‌క్లేవ్. ఆర్చి వెనక రోడ్లు లేవు, ఇళ్లు లేవు, కంకి పట్టిన జొన్నచేను ఉంది. వాచ్‌మన్ ఐలన్న ఒకప్పుడు ఆ భూమికి ఆసామి. అమ్మేశాక దానికే కాపలా కాస్తున్నాడు. కొన్నవాళ్లెవరూ ఇల్లు కట్టలేదని మళ్లీ జొన్న వేశాడు.

ప్లాటు కొనేవాడిలా బ్రోషర్ పట్టుకుని చంద్రకాంత్ అడిగాడు. "పెద్దాయనా, నూటపద్నాలుగు ఏడుంది?"

"అగో, గా రాయి."

హద్దురాయి పెకిలించి తవ్వాడు. మట్టి తప్ప ఏమీ లేదు.

"గా నంబర్లు నమ్ముకోకు బిడ్డా. దున్నుడుకు అడ్డమొస్తయని అన్ని రాళ్లు పీకిన. ఇత్తనాలేసినంక ఏది చేతికొస్తే అది పాతిన."

మొత్తం రెండు వందల పన్నెండు రాళ్లు. చంద్రకాంత్ నిలువునా నీరైపోయాడు. సరిగ్గా అప్పుడే నల్ల కారు ఆర్చి కింద ఆగింది. గబగబా గుంట పూడ్చి, రాయి మళ్లీ నిలబెట్టి, బ్రోషర్ విప్పుకున్నాడు.

ముందు విక్టర్ దిగాడు, వెనక నల్లద్దాలు పెట్టుకున్న నిషిత దిగింది. సినిమా తారలాంటి మనిషి. చంద్రకాంత్‌ని చూసినా రెప్ప కదపలేదు.

114 కింద ఏమీ దొరక్కపోయేసరికి విక్టర్ డ్రైవర్‌తో పక్క రాళ్లు తవ్వించడం మొదలెట్టాడు. రెండోది, మూడోది, ఆరోది. ఈ రాయే అయితే? చంద్రకాంత్ జేబులో పిస్తోలుంది, తీయకూడదు. ఉత్త చేతులతో నిలబడి చూడటం తప్ప చేయగలిగింది లేదు. ఏడుపొచ్చినంత పనైంది.

ఇంతలో విక్టర్ మొహం మీద తళుక్కున వెలుగు పడింది. తలెత్తి చిరాగ్గా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చేను మీద, పిట్టలు బెదరడానికి తాడుకు కట్టిన పాత సీడీలు గిరగిరా తిరుగుతున్నాయి. డజను పెద్దవి. ఒకటి చిన్నది. మూడంగుళాలది.

చంద్రకాంత్ ఒకడుగు ముందుకేశాడు.

విక్టర్ ఇంగ్లీషులో ఏదో కసిరాడు. నిషిత తెలుగులో చెప్పింది. "పెద్దాయనా, అది జెర తీసెయ్. సారు కండ్లల్ల కొడుతున్నది."

ఐలన్న గొణుక్కుంటూ తాడు విప్పాడు. "గీ చిన్నది ఒక్కటే మస్తు మెరుస్తదమ్మా. దున్నంగ ఓ రాయి కింద దొరికింది."

"ఏమంటున్నాడు?" అన్నాడు విక్టర్.

నిషిత చంద్రకాంత్ మొహం చూసింది. తాపీగా అద్దాలు సర్దుకుంది.

"పిట్టలు పంట తినేస్తాయని ఏడుస్తున్నాడు."

"ఇటియ్యి తాతా, నేను పట్టుకుంటా" అని చంద్రకాంత్ డిస్క్ అందుకుని, వీపు వెనక రెండు ముక్కలు చేశాడు. ఫట్‌మన్న చప్పుడుకు విక్టర్ గిరుక్కున తిరిగాడు. చంద్రకాంత్ బద్ధకంగా వేళ్లు విరుచుకుంటున్నాడు.

ఇరవయ్యో రాయి దగ్గర విక్టర్ ఓడిపోయాడు. నిషిత అతని వెనకే నడిచింది. ఆ డిస్క్‌లో ఎవరి పేరుందో ఆమెకి తెలియదు, చెప్పే వీలూ లేదు. కారు ఆమెని మళ్లీ ఆ మనిషి పక్కనే కూర్చోబెట్టుకుని వెళ్లిపోతుంటే, గెలిచిన చంద్రకాంత్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమయ్యా," మొదటి రింగుకే ఫోన్ ఎత్తి అడిగాడు చీఫ్, "ఎవరికీ దారి దొరకని షాంగ్రిలా దొరికిందా?"

"దొరికింది సార్. ముసలితనం కూడా ఉందిక్కడ." చంద్రకాంత్ పక్కకు చూశాడు. ముసలాయన చెయ్యి చాపి నిలబడ్డాడు. "పిట్టల బాధ ఎక్కువట. అర్జెంటుగా ఒక సీడీ పంపించండి, ఏ పాటలదైనా పర్వాలేదు."